దారి ఉందా?

వానాకాలంలో కొంటా నుంచి భద్రాచలం వైపు పోయేవాడు బస్సు ఎన్నింటికని అడగడు. దారి ఉందా అని అడుగుతాడు. కొంటా పక్కనే శబరి నది. అవతలి ఒడ్డున ఒడిశావాళ్ల మోటు. అక్కడే సీలేరు వచ్చి శబరిలో పడుతుంది. దిగువన కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలవాలి. గోదావరి నిండి ఉన్నరోజు శబరి నీళ్లు పోయే చోటు లేక వెనక్కి తంతాయి. ఎగపోటు అంటారు దాన్ని. మన నెత్తిమీద చినుకు పడకపోయినా కాళ్లకింద రోడ్డు మునుగుతుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు తాకింది. ఆ ఏటి సంగతి ఇక్కడివాళ్లు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు.

నేను వెళ్లింది అంత పెద్ద వరదలో కాదు. చిన్న పొంగు. బస్టాండు దగ్గర టీ కొట్టాయనను అడిగాను: "అన్నా, చట్టి దిక్కు దారి ఉందా?"

ఆయన నోరు విప్పలేదు. గరిటెతో రోడ్డువారగా ఆగివున్న లారీని చూపించాడు. చక్రాలకు ఎర్రమట్టి, దానిమీద ఇంకా ఆరని నీటి చార. డ్రైవరు టీలో బన్ను ముంచుకుంటున్నాడు. "నేనొచ్చినప్పుడు ఇరుసు తడిసింది. గంటయింది. ఇప్పుడెంతుందో నాకు తెల్వదు," అన్నాడు.

ఆ జవాబు నాకు భలే నచ్చింది. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత దాకా తెలుసు, మూడూ అందులో ఉన్నాయి. నేను జీపెక్కుతుంటే టీ కొట్టాయన వెనకనుంచి కేకేశాడు: "సార్, అవతలికి పోయినంక ఒక ఫోన్ కొట్టండి. మా వాళ్లకి చెప్పాలె." నంబరు రాసుకున్నాను.

అక్కడే ఉంది అసలు కిటుకు. మనకు అడగడం వచ్చు. చెప్పడం మరీ బాగా వచ్చు. ఆ లారీ డ్రైవరు తప్ప, దారి అడిగితే తెలియదనే తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. రానిదల్లా, సలహా తీసుకుపోయినవాడు తిరిగొచ్చి ఏమైందో చెప్పడం. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను 1952 నుంచి దశాబ్దాల పాటు నడిపారు. అత్తగారి పోరు మొదలుకొని ఆవకాయ బూజు దాకా ఆవిడను అడగని ఆడకూతురు లేదు. జవాబు చదివి మనం పేజీ తిప్పేసేవాళ్లం. ఆ అమ్మాయి చివరికి పెళ్లికి ఒప్పుకుందా, పుట్టింటికి పోయిందా? 1969లో మొదలైన 'అన్నదాత'లో మిరపకు ఆకుముడత అని రైతు అడుగుతాడు, శాస్త్రవేత్త మందు చెబుతాడు. ముడత విడిందా? ఆ ముక్క తెలిస్తే పక్కూరి రైతుకు జవాబుకన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఏమైందని అడిగేవాళ్లు లేరని కాదు. ఆ మధ్య మా ఇంట్లో నెట్ రావడంలేదని ఒక కంపెనీకి ఫిర్యాదు చేశాను. రెండోరోజు యంత్రం ఫోన్ చేసింది. మీ సమస్య పరిష్కారమైంది, తృప్తి చెందితే 1 నొక్కండి, లేకుంటే 2 నొక్కండి. నెట్ రాలేదు కనుక 2 నొక్కాను. మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలంది. అంతే, నా ఫిర్యాదు మూసేశారు.

అలాంటి నొక్కుళ్లతోనే వేరే పని చేసి చూపించింది కొంటా ఉన్న ఈ బస్తర్ నేలే. 2010లో శుభ్రాంశు చౌధరి అనే బీబీసీ మాజీ విలేకరి, మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు బిల్ థీస్ తోడు రాగా 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టాడు. చదువు రానివాడు కూడా మామూలు ఫోన్‌తో మిస్డ్ కాల్ ఇవ్వచ్చు. తిరిగి ఫోన్ వస్తుంది. తన మాట చెప్పాలంటే 1, ఇతరులది వినాలంటే 2. గోండీలో చెప్పినా సరే. మా ఊళ్లో బోరింగు పాడైంది, కూలి డబ్బులు రాలేదు, టీచరు రావడంలేదు. చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు చదివి, వింటున్నవాళ్లు ఆయనకు ఒక్కమాట చెప్పండని కోరతారు. ఎక్కడో పట్నంలో విన్నవాడు ఆ నంబరు తిప్పుతాడు. ఆ అధికారికి, పాపం, పొద్దుట్నుంచీ ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లు. ఈ పనికి 2014లో లండన్ సంస్థ ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ బహుమతి వచ్చింది.

బహుమతికన్నా నాకు ముచ్చటైనది మరొకటుంది. అదే మనిషి కొన్ని రోజులకో నెలలకో మళ్లీ మిస్డ్ కాల్ ఇస్తాడు. బోరింగు బాగైంది, ఫోన్ చేసినవాళ్లకు దండాలు అని రికార్డు చేస్తాడు. ఆ రెండో కాల్ వింటే, తమ బోరింగు చెడిన ఇంకో ఊరివాడికి ఏ గుమ్మం తట్టాలో తెలుస్తుంది, తడితే తెరుచుకుంటుందనీ తెలుస్తుంది. పని కాకపోతే కాలేదనీ చెప్పచ్చు. యంత్రంలో నా 2 ఒక అంకెగా మిగిలింది. ఇక్కడ అదే 2 నొక్కినవాడికి ఒక మనిషి గొంతు వినిపిస్తుంది.

అయితే రెండో కాల్ చేయించడం కష్టం. గరజు తీరినవాడికి ఫోన్ గుర్తుండదు. నాకు బాగా తెలుసు.

ఆరోజు దారిలో చట్టి దగ్గర నీళ్లు జీపు తలుపుల కింది అంచుదాకా వచ్చాయి. డ్రైవరు గేరు మార్చకుండా, ఊపిరి బిగబట్టినట్టు దాటించాడు. అవతలి గట్టెక్కగానే అందరం గట్టిగా నవ్వుకున్నాం. భద్రాచలంలో వేడివేడి అన్నం తిన్నాను, గదిలో ఫ్యాను కింద చొక్కా ఆరేశాను, పడుకున్నాను. తెల్లారి చొక్కా మడతపెడుతుంటే జేబులో తడిసి అంటుకుపోయిన చీటీ చేతికి తగిలింది. పది అంకెల్లో ఎనిమిది కనబడుతున్నాయి. చివరి రెంటినీ ఊహించి ముగ్గురిని నిద్రలేపాక ఆయన దొరికాడు.

"అన్నా, నిన్న దారి ఉంది," అన్నాను.

"తెలిసింది సార్," అన్నాడు. "మీ వెనకాల రెండు ఆటోలు మీ ఫోన్ కోసమే చూసినయి. చీకటి పడ్డాక ఎనక్కి పోయినయి."

ఒకదాంట్లో ఎవరో బాలింత ఉందట. ఎటువైపు పోవాల్సిన మనిషని అడగబోయేలోపు ఆయన అవతలివైపు ఎవరికో కేక వేస్తున్నాడు: "లారీ ఆపు, లారీ ఆపు, అటునుంచి వస్తున్నది."