56 ఏపీఓ: చిరునామాలో లేని ఊరు

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రహదారిలో జోజిలా కనుమ దాటాక చెట్లు కరవవుతాయి. కాసేపటికి, సుమారు 10,800 అడుగుల ఎత్తున ద్రాస్ వస్తుంది. రోడ్డు పక్కన టీ దుకాణాలు, ప్రపంచంలోని అతి చల్లని ఆవాసాల్లో తమది రెండోదని చాటుకునే బోర్డు. ఆ మాటలో నిజమెంతో గానీ, దాని పక్కన ఫొటో దిగకుండా కదిలే పర్యాటకులు తక్కువ. కార్గిల్ వైపు మరో ఐదారు కిలోమీటర్లు వెళితే తోలోలింగ్ పాదాల వద్ద యుద్ధ స్మారకం.

1999 వేసవిలో దేశం నలుమూలల నుంచీ ఈ కొండలకు ఉత్తరాలు వచ్చాయి. కవరు మీద ద్రాస్ అని రాసే పద్ధతి లేదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ. అంతే. యూనిట్ ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదు గనక తల్లికీ తెలియదు. ఉత్తరం ఢిల్లీలోని సెంట్రల్ బేస్ పోస్టాఫీసుకు చేరితే, అక్కణ్నుంచి దారి చూపేది సైనిక తపాలా సిబ్బందే. కట్టుదిట్టమైన ఏర్పాటు. ఇంట్లోవారికి మాత్రం కొడుకు ఒక అంకెలో కాపురముంటున్నట్టే. ఆ ఏడాది టీవీల పుణ్యమా అని తోలోలింగ్, టైగర్ హిల్ పేర్లు ఇంటింటా నలిగాయి. అయినా కవరు మీద అదే అంకె.

తోలోలింగ్‌ను తిరిగి చేజిక్కించుకున్న 2 రాజపుతానా రైఫిల్స్‌లో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉన్నారు. జూన్ 19న ఆయన తండ్రికి ఉత్తరం రాశారు. ప్రాణాపాయం ఈ వృత్తిలో ఉన్నదేనని, దిగులు పడొద్దని అందులో చెప్పారు. గర్భవతి అయిన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు, పుట్టబోయే బిడ్డ కోసం. జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లోనే నేలకొరిగారు. మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఆ తర్వాత పుట్టిన కూతురు పెద్దయ్యాక తండ్రి గురించి పుస్తకం రాసింది.

సైనికులు ఇళ్లకు రాసినవి ఇలా అచ్చుకెక్కాయి. ఇళ్ల నుంచి వారికి వెళ్లినవి అంతగా కనిపించవు. వాన పడిందనీ, అప్పు తీరిందనీ, చెల్లెలికి సంబంధం చూస్తున్నామనీ రాసే ఉత్తరాలను ఎవరు దాచిపెడతారు? రాత్రివేళ నిట్టనిలువు కొండ ఎక్కేవాడు తూటాలూ నీళ్లూ మోయాలి. ఉత్తరాల కట్ట అడుగున, గుడారంలోనే ఉండిపోతుంది.

ఏటా జూలై 26న ఆ కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. గోడ మీద పేర్ల వరుసల్లో తమవాడి పేరు వెతుక్కుంటాయి. దొరికాక, ఏ కొండ అని అడుగుతారు. అక్కడున్న జవాను చెయ్యెత్తి చూపిస్తాడు.