‘గోలీమార్’ మీద మా ఇంట్లో గొడవ

మా గోదావరిఖనిలో బాపు ఫస్ట్ షిఫ్టు దిగొచ్చి, ఒంటి బొగ్గు కడుక్కుంటూ ‘గోలీమార్’ ఎత్తుకునేవాడు. చిరంజీవి ‘దొంగ’ (1985)లో చక్రవర్తి బాణీ! కాలేజీ పొగరుతో నేనోరోజు మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో చూపించి, "చూడు బాపూ, మీది కాపీ!" అనేశాను. బాలు, జానకి గొంతుల్లో అది మనదైపోయిన సంగతి అప్పుడు నా తలకెక్కితేగా! బాపు మాట్లాడలేదు. పాడటమూ మానేశాడు.

తర్వాతెప్పుడో తెలిసింది. అదే ‘థ్రిల్లర్’ ఆల్బమ్ (1982) మొదటి పాట చివర్లో వచ్చే కోరస్, కామెరూన్ కళాకారుడు మను దిబాంగో 1972 నాటి ‘సోల్ మకోసా’లోంచి వచ్చిందే! దిబాంగో నిలదీస్తే జాక్సన్ సొమ్మిచ్చి రాజీపడ్డాడు.

పరుగున వెళ్ళి బాపుకు చెప్పాను. "అయితే ఆయన గూడ ‘దొంగ’నే అన్నట్టు!" అని నవ్వాడు. పాట మాత్రం ఇంకా ఎత్తుకోలేదు.