అమ్మ, బకెట్టు, అమెరికా గీజరు

షూటింగు చూడ్డానికి వెళ్ళినవాడు హీరో కన్నా ముందు చూసేది కారవాన్‌నే! ఆ చక్రాల గది తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా, ఎవరు దిగుతారా అని గంటల తరబడి ఎండలో నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అలాంటి బండిలోనే మా అమ్మ మకాం పెడుతుందనీ, ఆవిడ స్నానం కోసం నేను దాని గీజరు ఊడబీకిస్తాననీ అప్పుడెవరైనా జోస్యం చెబితే పకపకా నవ్వి ఉండేవాణ్ణి.

మేం ఉండేది అమెరికాలో, డల్లాస్‌లో. ఇక్కడ ఈ బండిని క్యాంపరంటారు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, అగ్గిపెట్టెంత స్నానాలగది, అన్నీ అందులోనే. తారలకే అనుకోకండి, రిటైరైన మాస్టార్లు కూడా ఒకటి కొనుక్కుని ఊళ్ళు తిరుగుతుంటారు. మాది సెకండ్ హ్యాండ్ బండి. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మావాడు... ముగ్గురికీ హాయిగానే సరిపోయింది, నాలుగో మనిషి వచ్చేదాకా.

ఆ నాలుగో మనిషే అమ్మ. గుడివాడ నుంచి ఆరునెలలకని వచ్చింది. వచ్చిన వారానికే కోరిక బయటపెట్టింది. "ఒరే, కౌబాయ్‌లు గుర్రాల మీద తిరిగే ఎర్రకొండలు ఈ దేశంలోనే కదట్రా? ఒకసారి చూపించకూడదూ!"

1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు అమ్మకు పద్నాలుగేళ్ళు. నేల టిక్కెట్టుకు నాలుగుసార్లు చూసిందట. ఇంట్లో తెలిసింది మాత్రం రెండుసార్లే! కృష్ణ టోపీ, ఆ గుర్రం, ఆ తుపాకీ ఈనాటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతుంది. ఆ ఇసుక మన రాజస్థాన్‌దేనమ్మా అంటే, "అది నాకూ తెలుసులే, అసలుది చూద్దామనీ" అంది. అసలుదంటే మాన్యుమెంట్ వ్యాలీ. యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో నవాహో తెగవారి నేల. జాన్ ఫోర్డ్ 1939 నాటి 'స్టేజ్‌కోచ్'కీ, 1956 నాటి 'ది సెర్చర్స్'కీ కెమెరా పెట్టిన చోటు.

అంతదూరం పోయేముందు ఒక రిహార్సల్ ఉండాలి కదా! మార్చిలో మా టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో లోయకు బయల్దేరాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా బండి గీజరులో పట్టేది 6 గ్యాలన్లు. అంటే 23 లీటర్లకు కాస్త తక్కువ. మన లెక్కలో చెప్పాలంటే ఒక్క బకెట్టు! మనుషులు నలుగురు. మొదటాట చూసినవాడికి పొగలుకక్కే నీళ్ళు, రెండో ఆటకి గోరువెచ్చన, ఆ తరవాత హౌస్‌ఫుల్ బోర్డే. మళ్ళీ కాగాలంటే అరగంట దాకా పడుతుంది. మా గుడివాడ పెరట్లో రాగి కాగు ఉండేది. పండగ తలంట్లకి తెల్లారగట్లే దానికింద కట్టెలు పెడితే ఇంటిల్లిపాదీ కుంకుడురసం వదిలించుకునేదాకా నీళ్ళు వచ్చేవి. అమెరికా వచ్చి ఒక్క బకెట్టు దగ్గర తన్నుకుంటామని ఎవరనుకున్నారు?

"మీరంతా కానివ్వండి, నేను చివర్న పోసుకుంటా" అనేది అమ్మ. మూడోనాడు ఆవిడ బయటికి రాగానే, ఏదో మర్చిపోయి నేను స్నానాలగదిలో కాలుపెట్టాను. అద్దం మీద ఆవిరి లేదు. నేల మీది తడి అరికాళ్ళకు జివ్వుమంది. బయట గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది.

"అమ్మా, చన్నీళ్ళు పోసుకున్నావా?"

"వేడిగానే ఉన్నాయిరా" అంది, కొంగు భుజాల చుట్టూ బిగించుకుంటూ.

మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆ పూట బండి రెండు మెట్లూ దిగడానికి తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో! సినిమాలో అమ్మ పస్తుండి కడుపు నిండిందంటే హాల్లో ఈలవేసి గోలచేసేవాళ్ళం. ఎదురుగా జరుగుతుంటే ఈల రాదండీ.

ఇంటికి రాగానే ట్యాంకు లేని గీజరు సంగతి వాకబు చేశాను. పెద్ద ట్యాంకే పెట్టించకూడదా అంది మా ఆవిడ. అది ఆ గోడ కంతలో పట్టదు, బరువూ ఎక్కువ. ఈ ట్యాంకు లేనిదేమో పాతదాని కంతలోనే ఇమిడేట్టు చేస్తారు. ఇందులో నీళ్ళు నిలవుండవు. కుళాయి తిప్పగానే లోపల గ్యాసు భగ్గున అంటుకుంటుంది, పారే నీళ్ళు పారుతూనే కాగుతాయి. మరి అంత తొందరగా కాగాలంటే మంట పెద్దది కావద్దూ? మా పాతదాని మంట గంటకు 12,000 బి.టి.యు.లైతే కొత్తదానిది 42,000. నిమిషానికి నాలుగు లీటర్ల లెక్కన పారితే 35 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ధారగా తిప్పకుండా బొట్లు బొట్లుగా వదిలితే మాత్రం మంటే రాదు. పిసినారితనం దీనికి గిట్టదన్నమాట!

గ్యాసుతో చెలగాటం వద్దని ప్లంబరు మిత్రుణ్ణి పిలిచాను. పాతది ఊడదీస్తే అడుగున సున్నం గుల్లలు దోసెడు రాలాయి. కొత్తది బిగించి, గొట్టం అతుకుల మీద సబ్బునురుగు రాసి, బుడగలు రాలేదని చూసుకున్నాకే అగ్గి వెలిగించాడు. మావాడు చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ బిల్లు చూసింది.

అయితే అసలు మెలిక ఆ తరవాతే. ఇక్కడివాళ్ళు క్యాంపరులో నీళ్ళు పొదుపుగా వాడతారు. తడుపుకుని, షవరు కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పుతారు. ఈ గీజరుతో అలా చేశారో... ముందు వేడి, మధ్యలో ఒక్కసారిగా చల్లటి ధార, ఆనక మళ్ళీ వేడి! మావాడు కెవ్వున అరిచిన అరుపుకి పక్కింటి కుక్క లేచింది.

అమ్మ ఇదంతా చూసి, వంటింట్లోంచి ప్లాస్టిక్ బకెట్టూ, మగ్గూ పట్టుకొచ్చింది. "కుళాయి కట్టడమెందుకురా? నిండేదాకా వదిలి అప్పుడు కట్టేయ్." అంతే! నాలుగు నిమిషాల్లో బకెట్టు నిండింది. మధ్యలో చల్లటి ధార వస్తే రానీ, బకెట్టులో కలిసిపోతుంది. నీళ్ళు వేడెక్కేలోగా వచ్చే మొదటి లీటరో రెండో వేరే గిన్నెలో పట్టి అంట్లకి వాడింది. కంపెనీవాళ్ళు అంతులేని వేణ్ణీళ్ళు అంటారు గానీ, కుళాయి కనెక్షను లేనిచోట బండి అడుగున ఉన్న తొట్టే దిక్కు. మాది 40 గ్యాలన్లు. వాడిన నీళ్ళు పట్టే తొట్టి నిండినా స్నానం బందే. షవరు కింద పాటలు పాడుకునేవాడు ఒక్కడుంటే చాలు, ఊరంతటికీ ఎండాకాలమే! బకెట్టుకైతే అంచుంటుంది.

ఏప్రిల్లో మాన్యుమెంట్ వ్యాలీ చేరాం. రెండురోజుల ప్రయాణం. అయిదువేల అడుగుల పైనున్న చోటు, తెల్లవారుజామున గాలి కోసేస్తోంది. నేను లేచేసరికే స్నానాలగది కిటికీ సందులోంచి ఆవిరి తెరలు తెరలుగా బయటికి పోతోంది. లోపల మగ్గు చప్పుడు, ఏదో పాత పాట కూనిరాగం. ఈసారి అమ్మదే మొదటాట!

తలకు తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగింది. సూర్యుడు అప్పుడే ఎర్రకొండల మీద పడుతున్నాడు. చాలాసేపు చూసింది.

"బాగుందిరా. కానీ మన కృష్ణ ఉన్నప్పుడు ఇంకా బాగుండేది" అంది.

మావాడు తనకూ ఒక బకెట్టు కావాలన్నాడు. ఇప్పుడు మా క్యాంపరులో రెండున్నాయి.