కత్తి మీద మెరుపు

వేలెడంత యోధుడి బొమ్మ, చేతిలో అగ్గిపుల్లంత కత్తి. ఆ కత్తి మీద రంగులతో మెరుపు పాకాలి.

గేమ్స్ వర్క్‌షాప్ 2015లో తెచ్చిన, ఇలాంటి బొమ్మలతో ఆడే ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ ఆటలో స్టార్మ్‌కాస్ట్ యోధులు మెరుపుతోనే నేలకు దిగుతారు. వాళ్ల ఆయుధాలకు ఈ మెరుపు పనితనం అతికినట్టుంటుంది.

ముందు కత్తికి ముదురు నీలం.
అది ఆరాక మెరుపు పాకే దారి వెంట పలచటి నీలి పూత. వెలుగు పరుచుకున్నట్టు కనిపించేది దీనివల్లే.

ఆ పైన లేత నీలంతో, సన్న కుంచె మొనతో వంకర గీతలు. రంగు పాలంత పలచగా ఉండాలి. చిక్కగా ఉంటే కుంచె కొసనే ఎండిపోతుంది, మరీ నీళ్లైతే గీత పక్కకు పారుతుంది.

వంపులన్నీ ఒకే కొలతలో పడ్డాయా, అది మెరుపు కాదు, రంపం పళ్లు!
ఒకచోట పొడుగ్గా, ఇంకోచోట పొట్టిగా విరగాలి. పాయలు చీలేకొద్దీ సన్నబడి మాయమవ్వాలి. అసలు పిడుగూ అంతే, గాలిలో దారి వెతుక్కుంటూ అంచెలంచెలుగా దిగుతుంది.

తెలుపు చిట్టచివర. గీత పొడవునా కాదు, విరిగినచోట, చీలినచోట ఒక్కో చుక్క. ఎక్కువైతే సుద్దముక్కతో గీసినట్టే, మళ్లీ నీలి పూతే దిక్కు.

మెరుపు వెలుగు పడ్డట్టు, కత్తి పట్టిన చేతి కవచం అంచుకూ కాస్త నీలం తగలాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.