రెండు టైములు రాసే మనిషి

ఇంగ్లండులో నాది రీసెర్చ్ నర్సు ఉద్యోగం అంటే, తాండూరులో మా పెద్దమ్మ "అయితే సూదులు గిట్ల వెయ్యవా బిడ్డా?" అంది. వేస్తాను. క్యాజువాలిటీలో సూది వెయ్యని నర్సును తోటి నర్సులు లెక్కచెయ్యరు.

వైద్య అధ్యయనాల కోసం రోగుల వివరాలు రాసిపెట్టడం రీసెర్చ్ నర్సు పని. మొదట్లో మా గది ఆసుపత్రి పై అంతస్తులో ఉండేది. ఫైలు పట్టుకుని మేం కిందికి దిగేసరికి రోగి థియేటర్‌కో వార్డుకో వెళ్లిపోయేవాడు. తరవాత మా బల్లను క్యాజువాలిటీలోనే వేశారు. డ్యూటీ మారేటప్పుడు అందరితో నిలబడి కేసులు వింటాం, రద్దీ పెరిగితే బీపీలు చూస్తాం, రక్తం తీస్తాం. అప్పటినుంచి డాక్టర్లే పిలిచి కేసు చూపిస్తున్నారు.

ఇలా రోగి పక్కనే ఉండి రాసుకోవడంవల్ల ఒరిగేదేమిటంటారా? గాయమై రక్తం పోతున్నవాళ్లకు ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు ప్రాణం నిలబెడుతుందని 2010లో క్రాష్-2 అధ్యయనం తేల్చింది. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది రోగులు. మన దేశమూ అందులో ఉంది. మూడు గంటలు దాటాక ఇస్తే కీడు జరగొచ్చని మరుసటి ఏడు తెలిసింది. దెబ్బ ఎప్పుడు తగిలింది, మందు ఎప్పుడెక్కింది? ఈ రెండు టైములూ ఎవరో ఓపిగ్గా రాయబట్టే ఆ సంగతి బయటపడింది.

తాండూరు నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్ల పైమాటే. నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్డు. తాండూరులో కట్టుకట్టి పట్నం పంపిన మనిషికి ఆ మూడు గంటల్లో ఎన్ని మిగిలాయో ఏ చీటీ మీదా ఉండదేమోనని నా అనుమానం.

ఇలా ఓపిగ్గా రాసిపెట్టే పని మనకు కొత్తేం కాదు. అనంతగిరి టీబీ శానిటోరియం ఎరగని వికారాబాదువాళ్లుండరు. టీబీ రోగి ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని 1959లో లోకానికి చెప్పింది మద్రాసు అధ్యయనం. ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టిన హెల్త్ విజిటర్లు లేకపోతే ఆ మాట ఎవరు నమ్మేవారు?

2023లో వికారాబాదుకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. యాక్సిడెంట్లు, పురుగుమందు కేసులు, పాముకాట్లు చూసే చోట్లివి. అధికారులకు నా విన్నపం ఒక్కటే: ఈ రెండు క్యాజువాలిటీలకూ చెరో రీసెర్చ్ నర్సును ఇవ్వండి. ఉన్న సిస్టర్ నెత్తినే ఇంకో రిజిస్టరు పెట్టకండి. ప్రాజెక్టుతో ముగిసిపోయే కాంట్రాక్టు కాకుండా పర్మినెంటు పోస్టుగా ఇవ్వండి.