మంచు వాళ్ళది, సముద్రం మనది

ఈ వారం పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఉత్తర ధ్రువం వైపు ఉండేవాళ్ళని బళ్ళో ‘ఎస్కిమోలు’ అని చదువుకున్నాం. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చదు. తమని తాము ఇన్యూట్ అని చెప్పుకుంటారు, అంటే ‘మనుషులు’ అని. కుక్కలు లాగే బండ్లు పోయి 1960ల నుంచి స్నోమొబైళ్ళు వచ్చాయి. 1999 ఏప్రిల్ 1న కెనడాలో నునావుత్ ఏర్పడింది. అక్కడ ఎక్కువమంది వాళ్ళే. ఇప్పుడు బాధంతా మంచుతోనే. సముద్రం ఆలస్యంగా గడ్డకడుతోంది, తొందరగా కరుగుతోంది. ఎక్కడ అడుగు వెయ్యచ్చో తాత చెప్పిన గుర్తు మనవడికి అన్నిసార్లూ పనికిరావడం లేదు.

మనకెందుకూ ఇదంతా అంటారా? మన తిరువొత్తియూరు కుప్పాల్లో జరుగుతున్నదీ ఇలాంటిదే. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ గోడలు దానికి అడ్డం పడ్డాయి. అందుకే అటు మెరీనా పెరిగింది, ఇటు మన ఒడ్డు కోసుకుపోయింది. కట్టుమరం లాగి పెట్టుకునే చోట ఇప్పుడు రాళ్ళ గుట్టలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో ఎన్నూరు క్రీక్‌లోకి నూనె వచ్చి పడితే వలలూ పడవలూ నల్లబడ్డాయి.

మా వీధికి చేపలు తెచ్చే అక్క ఇంటాయన గాలి తగలగానే అది వాడయో, కొండలో, కచ్చానో చెప్పేస్తాడు. ఆ రోజు వల వెయ్యాలా వద్దా అన్నది దాన్నిబట్టే. కొడుకు బైకు మీద పార్సిళ్ళు ఇస్తున్నాడు. అతన్ని తప్పు పట్టలేం, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కానీ ఆయన తర్వాత ఆ ఇంట్లో గాలి పేరు అడిగేవాళ్ళు లేరు.

ఇన్యూట్ వేటగాళ్ళు ఊరికే కూర్చోలేదు. 2019లో వచ్చిన ‘సికు’ అనే యాప్‌లో మంచు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ ప్రమాదమో వాళ్ళే నమోదు చేస్తున్నారు. సికు అంటే వాళ్ళ భాషలో సముద్రపు మంచు.

మనకి యాప్ అక్కర్లేదు, ఫోనులో రికార్డరు చాలు. ఏటా ఉగాదికి పాటల పోటీ పెడుతున్నాం కదా, ఈసారి మన పిల్లల్ని కుప్పంలోని పెద్దవాళ్ళ దగ్గరికి పంపుదాం. గాలుల పేర్లు, నీటి రంగు, ఏ నెలలో ఏ చేప, అన్నీ అడిగి తమిళంలోనూ తెలుగులోనూ రాయించి, ఒక కాపీ వాళ్ళకే ఇద్దాం. ముందు వాళ్ళ ఊరి పెద్దల్ని అడగాలి, అది మర్యాద.

తమిళం బాగా రాసేవాళ్ళు ఇద్దరైనా కావాలి. వీలున్నవాళ్ళు కింద పేరు రాయండి.