గిట్‌ఇగ్నోర్ పరిధి

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్‌లో, అంటే ప్రోగ్రాముల కోడ్‌లో జరిగే మార్పులను చరిత్రగా భద్రపరిచే సాధనంలో, ఏ ఫైళ్లను పక్కన పెట్టాలో తెలిపే జాబితాను గిట్‌ఇగ్నోర్ అంటారు. కంపైలర్ పుట్టించే ఫైళ్లు, లాగ్‌లు ఇందులో చేరడం సహజమే గాని, ఈ జాబితా ఇంకా నమోదు కాని ఫైళ్లకే వర్తిస్తుందన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. పాస్‌వర్డులున్న ఫైలు ఒకసారి కమిట్‌లో చేరాక, అంటే చరిత్రలో ఒక ఘట్టంగా నమోదయ్యాక, దాని పేరును జాబితాలో రాసినా గిట్ దాన్ని గమనిస్తూనే ఉంటుంది. ఆర్‌ఎమ్ ఆదేశానికి క్యాష్డ్ అనే ఎంపికను జోడించి, ఫైలును డిస్కులోనే ఉంచి నమోదు నుంచి తప్పించినా, పాత కమిట్‌లలో ఆ రహస్యం చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక, అది బయటికి చేరిపోయి ఉంటే పాస్‌వర్డు మార్చడం తప్ప గత్యంతరం లేదు.

ఎడిటర్లు ఈ జాబితాను మరోలా వాడుకుంటాయి. వీఎస్ కోడ్‌లోని వెతుకులాట దాన్ని ముందునుంచే పాటిస్తుంది కాబట్టి, ఫైలు ఎదురుగా తెరిచి లేకపోతే, అందులోని పదం ఎంత వెతికినా ఫలితాల్లోకి రాదు. కొత్తగా చేరినవారిని ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంది. విమ్ ఎడిటర్ వదిలే తాత్కాలిక స్వాప్ ఫైళ్ల వంటివి ప్రాజెక్టుకు కాక వ్యక్తి అలవాటుకు చెందినవి గనుక, వాటిని అందరూ పంచుకునే జాబితాలో కాకుండా, ఆ వ్యక్తి కంప్యూటర్‌లోని అన్ని ప్రాజెక్టులకూ వర్తించే సొంత జాబితాలో రాయడమే మర్యాద. ఒక ఫైలు ఎందుకు కనబడటం లేదో అంతుపట్టనప్పుడు, చెక్ ఇగ్నోర్ ఆదేశాన్ని వీ ఎంపికతో ఇస్తే, ఏ జాబితాలోని ఎన్నో వరుస దాన్ని ఆపిందో గిట్ స్వయంగా చూపిస్తుంది.